మా మరిది విమానం

మా మరిది లిఫ్టులు బాగుచేస్తాడు. నా చెల్లెలి మొగుడు. చుట్టుపక్కల ఏ భవనంలో లిఫ్టు ఆగిపోయినా అతనికే ఫోను. రోజంతా మిద్దె మీద మోటారు గదిలోనో, లిఫ్టు డబ్బా నెత్తి మీదో ఉంటాడు. పైకీ కిందికీ తప్ప అంగుళం పక్కకు కదలని ఉద్యోగం. అందుకే కాబోలు, నడివయసులో అతనికి విమానాల పిచ్చి పట్టుకుంది. నిజం విమానం కాదు లెండి, కంప్యూటర్లో నడిపేది. వెటకారానికి నేను "పైలట్ గారు" అని పేరు పెడితే అది భవనమంతా పాకిపోయింది. వాచ్‌మన్ కూడా అలాగే పిలిచేవాడు. ఎవరేమన్నా నవ్వేసి ఊరుకునే మనిషి అతను. నాకేమో ముక్కు మీద కోపం. నా మాటలకు ఒక్కరోజైనా అతనికి కోపం రాదే అని నాకు ఇంకాస్త ఒళ్ళు మండేది.

వాళ్ళది నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు. నా జిరాక్స్ షాపు కింద, మెట్ల పక్కన. మా భవనం లిఫ్టు మా మరిది చేతిలో ఉంది గనక అది ఏ అంతస్తులో ఆగినా నేలకీ దానికీ వెంట్రుకవాసి తేడా ఉండదు. కళ్ళు మూసుకుని లిఫ్టులో నిలబడి, ఏ పక్క ఏది అరిగిందో కాళ్ళతోనే చెప్పేస్తాడు. ఇంట్లో మాత్రం ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలియదు. దానికి మా చెల్లెల్ని పిలవాలి.

మా చెల్లెలు చెప్పుల దుకాణంలో పని చేసేది. టైమెంతయిందమ్మా అని అడగడానికి లోపలికొచ్చిన మనిషి చేత కూడా ఒక జత కొనిపించి పంపే నోరు దానిది. నిద్రలో తప్ప ఊరుకునేది కాదు. "ఏమండీ" అని రోజుకి ఎన్నిసార్లు పిలిచేదో. తువ్వాలు తడిగా మంచం మీద వేస్తే ఏమండీ, ఫోను మోగితే ఏమండీ, ఊరికే ఏమీ తోచకపోయినా ఏమండీ. పక్క గదిలోంచి అతను "ఆఁ" అనేవాడు. ఏమీ లేదులెండి అనేది. పిల్లలు లేరు వాళ్ళకి. ఆ ఇంట్లో సందడంతా దాని నోరే.

ఆ విమానం ఆట వాళ్ళింటికి వచ్చిన సంగతి చెప్పాలి. ఒక ఆఫీసు వాళ్ళు పాత కంప్యూటర్లు వదిలించుకుంటుంటే మా మరిది ఒకటి మోసుకొచ్చాడు. అందులో ఉంది. అప్పటికే పేరున్న ఆట అట, అది మూడో భాగం. మొదట్లో మా చెల్లెలు దాన్ని చూస్తేనే కస్సుమనేది. మా మరిదికి విమానం పైకి లేపడం వచ్చింది గానీ దింపడం రాలేదు. రెండు చేతులూ, బుర్రా అన్నీ పనిలో ఉండి ప్రతిసారీ చక్రాలు దించడం మరిచిపోయేవాడు. విమానం పొట్ట మీద జారి తగలబడేది. ఒకరోజు ఇది వెనక కూర్చుని కూరగాయలు తరుగుతూ తలెత్తి చూసి, "చక్రాలు దించకుండా ఎక్కడ దిగుతారు, నా నెత్తిమీదా?" అని అరిచింది. ఆ రోజు మొదటిసారి విమానం క్షేమంగా దిగింది. ఆ రోజునుంచి ఇది కో-పైలట్ అయిపోయింది.

నిజం విమానాల్లో ఒకరు జాబితా చదువుతారట, ఇంకొకరు జవాబు చెబుతారట. వీళ్ళూ ఒకటి తయారుచేసుకున్నారు. అచ్చంగా ఇంటి మాటల్లో. ఇది "తలుపులు?" అంటుంది, అతను "వేశాను" అంటాడు. "బెల్టులు?" అంటే "కట్టుకున్నాం." "పెట్రోలు?" అంటే "నిండా ఉంది." తర్వాత "గ్యాస్?" అంటుంది. అది విమానంలోది కాదు, వంటింట్లోది. ఒకసారి పాలు పొంగి పొయ్యి ఆరిపోయి, ఆటలో పడి ఎవరూ చూసుకోలేదని దాన్నీ చేర్చింది. అతను లేచివెళ్ళి చూసొచ్చి "కట్టేశాను" అంటే గానీ ముందుకు పోదు. అప్పుడు లైట్లు, బ్రేకు. దిగేటప్పుడు వేరే వరస. వేగం, రెక్కలు, చక్రాలు, బ్రేకు, ఇంజన్లు. సరైన జవాబు రాకపోతే ఆ మాట దగ్గరే ఆగి, తిట్లు లంకించుకునేది. ఆ జాబితాను కార్డు మీద వేసి ప్లాస్టిక్ అంటించి ఇచ్చింది నేనే. కొన్నాళ్ళకు కార్డు అవసరమే లేకపోయింది. దానికి నోటికి వచ్చేసింది. షాపు కట్టేసి నేను పైకి వెళ్ళేసరికి ఇద్దరూ ఆకాశంలో ఉండేవాళ్ళు. నా మొహం కూడా చూసేవాళ్ళు కాదు.

అలా చాలా ఏళ్ళు నడిచింది. ఆ ఆట తయారుచేసిన కంపెనీ మూతపడింది. నాలుగో భాగం వస్తుంది వస్తుంది అని మా మరిది ఎదురుచూసి ఎదురుచూసి మానేశాడు. తర్వాత ఆ పాత కంప్యూటర్ కూడా కన్ను మూసింది. వేరేదాంట్లో వేద్దామంటే పాత ఆట కొత్తవాటిలో నడవదన్నారు. కొన్నాళ్ళు ఇద్దరూ సాయంత్రాలు ఏం చెయ్యాలో తెలియనట్టు తిరిగారు. ఆ తర్వాత అలవాటు పడ్డారు. నేనైతే పీడా విరగడైందనుకున్నాను.

రెండేళ్ళ కిందట మా చెల్లెలికి పక్షవాతం వచ్చింది. దుకాణంలో ఎవరి పాదానికో చెప్పు తొడుగుతూ అలాగే ఒరిగిపోయింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పడిపోయింది. చెయ్యి కొంచెం కొంచెం కదిలింది గానీ మాట రాలేదు. "అదీ" అనే ఒక్క ముక్క మిగిలింది. నీళ్ళు కావాలన్నా అదీ, నొప్పి అన్నా అదీ, నన్ను చూసినా అదీ. మనం అన్నదంతా అర్థమవుతుంది దానికి. తను అనాలనుకున్నది నోట్లోంచి రావడం లేదనీ తెలుసు. అదే ఘోరం. మొదటి రోజుల్లో పళ్ళు బిగించి ప్రయత్నించి, మళ్ళీ "అదీ" అని వినపడగానే మొహం గోడవైపు తిప్పేసుకునేది.

మా మరిది మాత్రం ఓపిక వదల్లేదు. ఉప్పు డబ్బా ఎక్కడుందో నేర్చుకున్నాడు. దానికి జడ వెయ్యడం నేర్చుకున్నాడు. లిఫ్టు పనుల మధ్య మాటలు నేర్పే అమ్మాయి దగ్గరికి వారం వారం తీసుకెళ్ళేవాడు. ఒకరోజు షాపులో కూర్చుని, నేను అడక్కుండానే అన్నాడు. "ఇంకేమీ వద్దు వదినా. ఒక్కసారి ఏమండీ అని పిలిస్తే చాలు. విసుక్కుంటూ పిలిచినా పర్లేదు." నేనేదో కసురుకుని కాగితాలు సర్దుకున్నాను. అక్కా అని పిలిపించుకోవాలని నాకు మాత్రం లేదా. పైకి చెప్పుకుంటే చెల్లెలి చెవిన పడి అది కాస్తా బావురుమంటుందని ఊరుకున్నాను.

అలా ఉండగా ఎవరో ఆ పాత ఆటను కొని మళ్ళీ బతికిస్తున్నారని కబురు వచ్చింది. నాలుగో భాగం వస్తోందట. ఒక చిన్న వీడియో కూడా వదిలారు. మా మరిది ఫోనులో దాన్ని చూస్తూ మంచం అంచున కూర్చున్నాడు. నేనూ అక్కడే ఉన్నాను. విమానం లోపలి అద్దాలు, మీటర్లు కనిపించాయి. ఇంజను మొదలయ్యే చప్పుడు వచ్చింది. మంచం మీంచి మా చెల్లెలు అంది.

"తలుపులు?"

ఎవరో బయటి మనిషి వచ్చారేమో అని గుమ్మం వైపు చూశాను కూడా. మా మరిది ఫోను వదిలెయ్యబోయి పట్టుకుని, "వేశాను" అన్నాడు. "బెల్టులు?" అంది. "కట్టుకున్నాం." "పెట్రోలు?" అంది. ఈలోగా వీడియోలో విమానం మబ్బుల్లోకి పోయి సంగీతం మొదలైంది. చెల్లెలి నోరు మూతపడింది. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ ఆ మూడే. ఇంజను చప్పుడు ఉన్నంతసేపు మాట ఉంటుంది, అది ఆగితే ఆగిపోతుంది. ఎన్నిసార్లు పెట్టాడో. అతని మొహం అంతా తడి. నేనూ ఏడ్చాను, చెప్పుకోవడానికి సిగ్గేముంది.

మాటలు నేర్పే అమ్మాయి సంగతి విని మెల్లగా చెప్పింది. ఎక్కాలు అప్పజెప్పినట్టు, అంకెలు లెక్కపెట్టినట్టు, వరసగా పేరుకుపోయిన మాటలు ఇలాంటి వాళ్ళలో కొందరికి మిగులుతాయట. అది మాట్లాడటం కాదు, అలవాటు. సొంతంగా ఒక మాట వెతుక్కుని అనడం వేరే సంగతి. ఈ దారిన అది కూడా వస్తే రావచ్చు, చెప్పలేం, బలవంతం మాత్రం చెయ్యకండి అంది. అంత చెబితే మా మరిది చెవికెక్కింది రావచ్చు అనే ఒక్క ముక్క. లిఫ్టు పనివాడి బుర్ర అది. డబ్బా ఒక్క అంతస్తు కదిలిందంటే మిగతావాటికీ పోతుంది, ఎక్కడ పట్టేసిందో చూసుకోవాలంతే అన్నాడు. మనిషి లిఫ్టు కాదు బాబూ అని చిలక్కి చెప్పినట్టు చెప్పాను. తల ఊపి, కొత్త ఆట నడవాలంటే ఎలాంటి కంప్యూటర్ కావాలో కనుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆట ఒకసారి వాయిదా పడింది. అతను తిండి మానేసినంత పని చేశాడు. చివరికి వచ్చింది. అప్పటికి కంప్యూటర్ సిద్ధం, తెర సిద్ధం, చెల్లెలి కుర్చీ పాత రోజుల్లోలాగే ఎడమవైపు సిద్ధం. మొదలుపెట్టగానే నాకు మతిపోయింది. ప్రపంచమంతా ఫోటో తీసినట్టుంది. మా వీధి కూడా ఉంది. మా మిద్దె మీద మోటారు గది కూడా కనిపించింది. నేను చూడవే చూడవే అని చెల్లెలి భుజం తడుతున్నాను. అప్పుడు ఇంజను మొదలైంది. చెల్లెలు నోరు తెరిచింది. అంతలోకే కంప్యూటర్లోంచి ఒక ఆడగొంతు, పాకం పట్టినట్టు తియ్యగా, జాబితా చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో గడగడా తనే అడిగి తనే సరిచూసుకుంటోంది. కొత్త ఆటలో కో-పైలట్‌ని కూడా పెట్టి పంపారట.

మా చెల్లెలు నోరు మూసుకుంది. పరాయి ఇంట్లో కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది. మా మరిదికి కోపం రావడం నేను ఆ రోజే చూశాను. దీన్ని ఎవడు పెట్టమన్నాడు అని పళ్ళు నూరుతూ ఎక్కడెక్కడో వెతికాడు. చివరికి ఒక చోట ఆ ఆడగొంతు నోరు మూయించే మార్గం దొరికింది. మళ్ళీ మొదటినుంచి పెట్టాడు. గదిలో ఇంజను చప్పుడు తప్ప ఏమీ లేదు. అప్పుడు మా చెల్లెలు మెల్లగా "తలుపులు?" అంది.

ఆ రోజు మొత్తం జాబితా చెప్పింది. "గ్యాస్?" అంటే మా మరిది పాత రోజుల్లోలాగే వంటింట్లోకి పరిగెత్తి చూసొచ్చాడు. లేవడం, ఎగరడం, దిగడం అన్నీ అయ్యాయి. "ఇంజన్లు?" అంది. "ఆపాను" అన్నాడు. ఆపి, దాని వైపు తిరిగి కూర్చున్నాడు. ఇంకో మాట కోసం. అది అతన్ని చూసింది. పెదవులు కదిలాయి. "అదీ" అంది.

అక్కడే ఆగిపోయింది అంతా. రోజూ పని నుంచి వచ్చి, చేతులకు గ్రీజు కూడా సరిగా వదలకముందే కూర్చునేవాడు. ఆదివారాలు లేచినప్పట్నుంచీ అదే పని. తలుపుల దగ్గర మొదలై ఇంజన్ల దగ్గర ఆగుతుంది. ఆకాశంలో ఉన్నంతసేపు అతను అడుగుతూనే ఉంటాడు. ఎటు పోదాం, కింద అదేమిటో చెప్పు, నేనెవర్ని చెప్పు. జవాబు ఉండదు. దిగేటప్పుడు మళ్ళీ వేగం, రెక్కలు, చక్రాలు. నేను చూస్తున్నాను కదా, దానికి అలసటగా ఉండేది. బాగున్న చేత్తో కుర్చీ చెయ్యిని గట్టిగా పట్టుకుని కూర్చునేది. అయినా అతను "మళ్ళీ పోదామా" అంటే తల ఊపేది. అతని కోసమే ఊపుతోందని నాకు తెలుస్తూనే ఉంది. దాని ప్రాణం తోడెయ్యకు బాబూ అని ఒకసారి గట్టిగానే అన్నాను. నవ్వేసి ఊరుకోలేదు ఈసారి. "ఒక్కసారి పిలవనివ్వండి వదినా. ఆ తర్వాత ఆపేస్తాను" అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళకు షాపులోకి వచ్చాడు. కళ్ళు మెరుస్తున్నాయి. ఇన్నాళ్ళూ బుద్ధిలేక సరైన జవాబులే చెబుతున్నానన్నాడు. సరైన జవాబు చెబితే తర్వాతి మాటకు పోతుంది, అంతేగా. తప్పు చెబితే తిట్టాలి. తిట్టు జాబితాలో లేదు, అది తన సొంతం. చక్రాలు దించనంటాను, చూడండి ఎలా విరుచుకుపడుతుందో అన్నాడు. ఆ మాట వినగానే నాకూ ఆశ పుట్టింది. దాని తిట్లు విని ఎన్నాళ్ళయింది. ఆదివారం షాపు మధ్యాహ్నమే కట్టేసి పైకి వెళ్ళాను.

విమానం దిగడానికి వచ్చింది. దూరంగా రన్‌వే గీతలా కనిపిస్తోంది.

"వేగం?" అంది చెల్లెలు.

"తగ్గించాను."

"రెక్కలు?"

"చాచాను."

"చక్రాలు?"

మా మరిది నావైపు ఒకసారి చూసి, "దించలేదు" అన్నాడు.

అది ఆగింది. తెర చూసింది, అతని మొహం చూసింది. "చక్రాలు?" అంది మళ్ళీ. దించనన్నాడు, నవ్వు ఆపుకుంటూ. "చక్రాలు?" అంది ఇంకోసారి. తిట్టు రాలేదు. దానికి వచ్చిన మాట ఒక్కటే, అది దాటాలంటే అతను జవాబు చెప్పాలి. అతను చెప్పడం లేదు. "చక్రాలు, చక్రాలు, చక్రాలు" అంటూ బాగున్న చేత్తో బల్లను కొట్టడం మొదలుపెట్టింది. కళ్ళల్లోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. నేల పైకి వచ్చేస్తోంది. దించెయ్యి బాబూ అన్నాను నేను. అతనికి వినపడలేదు. అతని నవ్వూ పోయింది. "తిట్టవే. నన్ను తిట్టు. ఒక్క మాట తిట్టు" అని బతిమాలుతున్నాడు. విమానం పొట్టతో నేలను గుద్దుకుంది. తెరంతా నిప్పురవ్వలు, చెవులు పగిలేలా సైరన్ మోత.

ఆ మోతలో మా చెల్లెలు వెక్కుతూ వంగి, ఎడమ చెయ్యి తెచ్చి అతని చేతి మీద పెట్టింది.

"వద్దండీ" అంది.

తడబాటు లేదు. వెనకటి గొంతే. గదిలో ముగ్గురమూ విన్నాం. మా మరిది నోరు తెరిచాడు. ఇంకోసారి అనమని అడగబోతున్నాడని నాకు తెలుసు, ఎందుకంటే నా నోట్లోనూ అదే మాట ఉంది. అతను నోరు మూసుకున్నాడు. సైరన్ ఆపాడు. తన చొక్కా అంచుతో దాని మొహం తుడిచాడు. పడుకుంటావా అని అడిగి, లేపి, మంచం దాకా నడిపించుకెళ్ళాడు. నేను మెట్ల మీదుగా కిందికి దిగి, మూసిన షాపు ముందు కూర్చుని ఏడ్చాను.

కంప్యూటర్ అక్కణ్ణుంచి తీసేశాడు. చెల్లెలి కుర్చీ కిటికీ దగ్గరికి జరిపాడు. నెలలు గడిచాయి, ఆ ఒక్క మాట తప్ప ఇంకేదీ రాలేదు. అతను సాయంత్రాలు దాని పక్కన కూర్చుని లిఫ్టుల కబుర్లు చెబుతాడు. ఏదీ అడగడు.

మాటలు నేర్పే అమ్మాయికి అతను ఈ సంగతి చెప్పనే లేదు. తోడుగా వెళ్ళినప్పుడు నేనే చెప్పాను. ఆ అమ్మాయి మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళలో ఇదే మొదటి సొంత మాట అంది. తనంతట తను వెతుక్కుని అన్న మాట, ఇది మామూలు విషయం కాదు, భయపెట్టకండి గానీ ఆట మాత్రం ఆపకండి, రోజూ కాసేపు కూర్చోబెడితే ఇంకా మాటలు రావచ్చు అంది. నేను ఆశగా మా మరిది వైపు తిరిగాను. అతను కింద కూర్చుని మా చెల్లెలి కాలికి చెప్పు తొడుగుతున్నాడు. తలెత్తలేదు.

"తను వద్దంది కదా మేడం" అన్నాడు.